బావురుపిల్లి ఇలాకాలో...

పిల్లికి నీళ్లంటే పడదంటారు. కోరింగ మడ అడవిలో ఉండే బావురుపిల్లికి మాత్రం నీళ్లే వంటిల్లు! ఒడ్డున కదలకుండా కూర్చుంటుంది. చేప కనిపించిందా... పంజా విసురుతుంది. అందకపోతే నీళ్లలోకి దూకేస్తుంది. ఇంటిపిల్లికి రెట్టింపు ఉండే దీని ఒంటిమీద బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర ఎంత దట్టమంటే, నీరు చర్మం దాకా దిగదు.

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉంది కోరింగ అభయారణ్యం. గోదావరి సముద్రంలో కలిసేచోట 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 2018లో జరిపిన లెక్కింపులో ఇక్కడ 115 బావురుపిల్లులు ఉన్నట్లు తేలింది.

అయితే వెళ్లగానే అది ఎదురొస్తుందనుకుంటే పొరపాటే. దానిది రాత్రి సంచారం. పగలు వెళ్లేవాళ్లకు దొరికేది మహా అయితే బురదలో దాని అడుగుజాడలు. అందుకే ఆటు సమయం చూసుకుని వెళ్లాలి. నీరు వెనక్కి తీయగానే చెక్కల వంతెన కింద మరో లోకం బయటపడుతుంది. తెల్లమడ చెట్ల చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన శ్వాసవేర్లు, వాటి మధ్య ఎర్రటి డెక్కలూపే పీతలు, రెక్కల సాయంతో బురదమీద గెంతే చేపలు! చప్పుడు చేయకుండా నిలబడితే కాలువలో గుంపుగా ఈదే నీటికుక్కలూ కనిపించొచ్చు.

వీటన్నిటికీ ఆధారం ఆ బురదే. రాలిన మడ ఆకులు కుళ్లి పీతలకూ రొయ్యపిల్లలకూ ఆహారమవుతాయి. వాటిని తిని చేపలు పెరుగుతాయి. ఆ చేపలే బావురుపిల్లికి విందు, మత్స్యకారుడికి బతుకుతెరువు. చెట్టు కొట్టేస్తే ఇద్దరి నోటి దగ్గర కూడూ పోయినట్టే. పైగా తుపాను వేళ కెరటాల జోరు తగ్గించేదీ ఈ చెట్లే.

ఇంత చేసే చెట్లకూ గొడ్డలి తప్పలేదు. కొన్నిచోట్ల చెరువుల కోసం, మరికొన్నిచోట్ల వంటచెరకు కోసం నరికారు. 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట దగ్గర ఇళ్లస్థలాల కోసం మడ చెట్లను తొలగించిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

కాబట్టి కోరింగ వెళ్తే ప్లాస్టిక్ సంచులు, గట్టి కేకలు ఇంటి దగ్గరే వదిలేయండి. బావురుపిల్లి కనిపించలేదని బాధపడక్కర్లేదు. అది తిరిగే బురద, అది తినే చేప, దాన్ని దాచే చెట్టు పదిలంగా ఉంటే... రాత్రి వేటకు అదే వస్తుంది!