దైఫుకు జిగురులో గ్లూటెన్ లేదు

దైఫుకు అనే జపాన్ మిఠాయిని కొరికితే పైపొర తెగకుండా సాగుతుంది. ఆ సాగుడు చూసి అందులో గ్లూటెన్ ఉందనుకునేవారు ఎందరో. గ్లూటెన్ గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోది, బియ్యంలో ఉండదు. మోచిగోమె అనే బియ్యాన్ని నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, వేడిగా ఉండగానే రోట్లో దంచితే వచ్చే మోచి అనే ముద్దే ఆ పైపొర. మనం వండుకునే బియ్యంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల పిండిపదార్థం ఉంటుంది. మోచిగోమెలో ఉన్నది దాదాపు అంతా అమైలోపెక్టినే. కొమ్మలు కొమ్మలుగా చీలిన దాని అణువులు నీటిని పట్టుకుని ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. జిగురంతా అక్కడిదే. మరి గోధుమ పడనివారు మోచి పేరున్నదల్లా తినొచ్చా? తినకూడదు. సకురామోచినే తీసుకోండి. క్యోటో, ఒసాకా వైపు దాన్ని మోచిగోమె రవ్వతో చేస్తారు. టోక్యో వైపు పల్చటి గోధుమపిండి అట్టులో చుడతారు. కొనేముందు పొట్లం మీది వివరాలు చదవాల్సిందే.

“నూనె లేదు, నెయ్యి లేదు, లోపల ఉన్నది గింజల ముద్దే కదా, దైఫుకు ఒంటికి మంచిదే” అనేది ఇంతకంటే మొండి అపోహ. ఆ ముద్ద పేరు అంకో, చేసేది అజుకి గింజలతో. ఎర్రగా ఉన్నాయని వీటిని రాజ్మా అనుకుంటారు గానీ, ఇవి మన మినుములు, పెసలు, బొబ్బర్లకు దగ్గరి చుట్టాలు. పీచు, మాంసకృత్తులు ఉన్నమాట నిజమే, కొవ్వూ తక్కువే. అయితే మామూలు పాళ్లలో ఎండు గింజల బరువుకు దాదాపు సమానంగా చక్కెర పడుతుంది. పూర్ణం బూరెలో శనగపప్పు ఉందని దాన్ని పప్పన్నం లెక్కన తినం కదా! చక్కెర తగ్గించి చేయొచ్చు కదా అంటే, పైపొరలోనూ చక్కెర కలుపుతారు, అది తీపికి మాత్రమే కాదు. చల్లారేకొద్దీ అమైలోపెక్టిన్ అణువులు మళ్లీ వరసకట్టి బిరుసెక్కుతాయి; చక్కెర దాన్ని ఆలస్యం చేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుందనుకోవడం కూడా అందుకే పొరపాటు. ఆ చల్లదనంలోనే అది త్వరగా గట్టిపడుతుంది.

కొత్త సంవత్సరం రోజుల్లో జపాన్‌లో మోచి గొంతుకు అడ్డుపడి వృద్ధులు చనిపోయిన వార్తలు ఏటా వస్తాయి. టోక్యో అగ్నిమాపక శాఖ ముందే హెచ్చరిస్తుంది కూడా. ఆ ప్రమాదాల్లో ఎక్కువగా కనిపించేది పులుసులో వేసుకు తినే చప్పిడి మోచి. దైఫుకు అంతకంటే మెత్తన, కానీ జిగురు జిగురే. పసిపిల్లలకు పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్లకు చిన్న ముక్కలుగా కోసి ఇవ్వండి, బాగా నమిలి మింగమనండి, తినేటప్పుడు పక్కనే ఉండండి.