పశువుల వ్యాధి పరీక్షకు బొబ్బర్ల వైరస్ తోడు

చేవెళ్ల, మొయినాబాద్: పాడి మీద బతికే ఇంట్లో గాలికుంటు మాట వినబడితే గుండె గుభేలుమంటుంది. నోటి వెంట చొంగ, నాలుక మీద బొబ్బలు, గిట్టల మధ్య పుండ్లు. గేదె మేత ముట్టదు, పాలు పడిపోతాయి. నిత్యం నగరానికి పాలు పంపే ఈ రెండు మండలాల రైతులకు ఇది ఇల్లు గడిచే విషయం.

ఈ వ్యాధిని కచ్చితంగా తేల్చేవాటిలో పి.సి.ఆర్. పరీక్ష ఒకటి. కరోనా కాలంలో మనుషులకు చేసిందీ ఈ తరహా పరీక్షే. బొబ్బల నుంచి తీసిన నమూనాలో వైరస్ తాలూకు ఆర్.ఎన్.ఎ. ఉన్నదీ లేనిదీ ఇది చెబుతుంది.

'లేదు' అంటే నమ్మటమెలా?

నమూనాలో వైరస్ లేదని పరీక్షలో వచ్చిందనుకుందాం. నిజంగానే లేదా, లేక మందులు పాడై పరీక్షే పనిచేయలేదా? జబ్బు పశువును లేదనుకుని సంతకు తోలితే వ్యాధి ఊరూరా పాకుతుంది. అందుకే 'ఉంది' అని తప్పక రావలసిన నమూనా ఒకదాన్ని పక్కనే పెట్టి పరీక్షిస్తారు. దీనినే కంట్రోల్ అంటారు. తెలిసిన బరువు వేసి తక్కెడను సరిచూసుకోవటం లాంటిదే ఇది.

అసలు వైరస్‌తో చిక్కు

ఇందుకు అసలు గాలికుంటు వైరస్‌నే పెంచి వాడాలంటే ప్రమాదం. 2007 ఆగస్టులో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో పశువులకు ఈ వ్యాధి సోకింది. అక్కడి పిర్‌బ్రైట్ ప్రయోగశాలల ప్రాంగణం నుంచే వైరస్ బయటపడిందని విచారణలో తేలింది. పోనీ ఉత్త ఆర్.ఎన్.ఎ. వాడదామంటే అది ఇట్టే చెడిపోతుంది.

మొక్క వైరస్ పెంకులో

ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్ శాస్త్రజ్ఞుడు జార్జ్ లోమోనోసోఫ్, పిర్‌బ్రైట్ సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి దీనికి ఒక మార్గం చూపారు. బొబ్బర్ల ఆకులకు మచ్చల తెగులు తెచ్చే మొజాయిక్ వైరస్‌ను వారు ఎంచుకున్నారు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో సుమారు 30 భాగాలంత ఉంటుందిది. దీని ప్రొటీన్ పెంకు గట్టిది. అందులో గాలికుంటు వైరస్ ఆర్.ఎన్.ఎ. ముక్కను మాత్రం ఇమిడ్చి, ఆ రేణువులను మొక్కలలో తయారు చేశారు. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

ముక్క మాత్రమే ఉంటుంది కనుక ఆ రేణువుల వల్ల పశువుకు గాలికుంటు రాదు. పెంకు ఉన్నందున లోపలి ఆర్.ఎన్.ఎ. భద్రం. నమూనా నుంచి ఆర్.ఎన్.ఎ.ను బయటకు తీసే మొదటి మెట్టు నుంచీ పరీక్ష మొత్తం సరిగా సాగిందో లేదో దీనితో తెలిసిపోతుంది. 2020లో అమెరికాలోని శాన్ డియాగో శాస్త్రజ్ఞులు బొబ్బర్లకే సోకే మరో వైరస్ పెంకుతో కరోనా పరీక్షకు ఇలాంటి కంట్రోల్‌నే రూపొందించారు.

రైతు చేయవలసింది

పరీక్ష ఎంత మంచిదైనా నమూనా అందితేనే ఫలితం. నోటి బొబ్బలు కనిపించగానే పశువును మందకు దూరంగా కట్టివేసి, పశువైద్యశాలకు కబురు చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన కార్యక్రమం కింద ఆరు నెలలకొకసారి ఉచితంగా టీకా వేస్తారు. ఊరికి టీకా వచ్చిన రోజున ఒక్క పశువునూ వదలకుండా వేయించుకోవటం మేలు.