స్థానిక కంట్రాక్టరులకు మొగ్గు: దాని వ్యయ మెవరిపై పడును?

కాలువ మరమ్మతులు, ఊరి బాటలు మొదలగు సర్కారు పనులను ఆ ప్రాంతపు కంట్రాక్టరులకే యీయవలెనని మన సభ్యులలో పలువురు కోరుచుందురు. కోరిక సహజమే. ఊరి సొమ్ము ఊరిలోనే తిరుగును. కూలి మనవారికి దొరకును. గండి పడిన రాత్రి పిలిచిన పలుకువాడు దగ్గర నుండును. అయితే యీ మొగ్గునకు వెల యున్నది. దానిని చెల్లించువారు పన్నుదారులు, అనగా మనమే. అది యే దారిని మనపై బడునో విచారింతము.

ఒక పనికి పైయూరి కంట్రాక్టరు 1,00,000 రూపాయలకును, స్థానికుడు 1,04,000 రూపాయలకును టెండరు వేసిరనుకొందము. స్థానికునికి నూటికి 5 వంతుల మొగ్గు కలదన్నచో, పోల్చుటకు మాత్రము అతని మొత్తమునుండి 5,000 తీసివేయుదురు. అది 99,000 అగును గనుక పని అతనిదే. కాని బిల్లు చెల్లించునది 1,04,000. ఈ నాలుగువేలు కంటికి కనబడు ఖర్చు, ఎవరైనను లెక్కింపగలరు.

కనబడని దింకొకటి కలదు. తనకు ఆసరా యున్నదని ముందే యెఱిగిన స్థానికుడు, 1,01,000కే చేయగల పనికి 1,04,000 వేయును. పైయూరివాడు పంతముతో 98,000కు దిగివచ్చినచో సర్కారునకు లాభమే. మొగ్గు మితముగా నున్నప్పుడు ఇట్లును జరుగవచ్చునని అర్థశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. లేదా, దారిఖర్చులు దండుగయని అతడు టెండరే వేయక మానును. అప్పుడు పోటీ సన్నగిల్లి, మిగిలినవారు చెప్పినదే ధర యగును.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున దీనిని కొలిచి చూచిరి. అచ్చట రాష్ట్రనిధులతో వేయు రోడ్ల పనులలో ఆ రాష్ట్రపు చిన్న కంట్రాక్టరులకు 5 వంతుల మొగ్గు ఉండెను. కేంద్రనిధులతో నడచు పనులలో లేకుండెను. రెంటిని పోల్చి జస్టిన్ మారియన్ అను పండితుడు 2007లో ప్రకటించిన ప్రకారము, మొగ్గుగల పనులకు నూటికి 3.8 వంతులు ఎక్కువ ఖర్చయినది. తక్కువ ఖర్చుతో చేయగల పెద్ద కంట్రాక్టరులు ఆ టెండరులకు రాకపోవుటయే ముఖ్యకారణము.

మన కేంద్రప్రభుత్వము 2017లో చేసిన యుత్తరువు మఱియొక మార్గము పట్టినది. ఇందు స్థానికుడనగా ఊరివాడు కాడు. సరకు విలువలో నిర్ణీతభాగమును ఈ దేశముననే చేకూర్చిన సరఫరాదారుడు. 2020 నాటి సవరణ ప్రకారము మొదటి తరగతివానికి ఆ భాగము నూటికి 50కి తగ్గరాదు. అతని ధర కనిష్ఠధరకంటె నూటికి 20కి మించకయుండి, ఆ కనిష్ఠధరకే యిచ్చుట కొప్పుకొనినయెడల, విభజింపదగిన సరకులలో సగము అతనికి దక్కును. కాగితముమీద పైసాయు హెచ్చదు. కాని సగము ఆర్డరు పోవునని యెఱిగిన పైవాడు ఆ నష్టమును తొలుతనే రేటులో కలుపుకొనవచ్చును. ఆ 2020లోనే, 200 కోట్ల రూపాయలలోపు కొనుగోళ్లకు ప్రత్యేకానుమతి లేనిదే ప్రపంచ టెండరులు పిలువరాదనిరి. ఇట్లు తలుపే మూసినపుడు, ఎంత యెక్కువ చెల్లించితిమో చెప్పుటకు పోల్చదగిన ధరయే మిగులదు.

మొగ్గే వలదని మా వాదము గాదు. క్రొత్తగా పని నేర్చుకొనువానికి కొంతకాలము ఆసరా యిచ్చుట న్యాయమే. పదేండ్లైనను అదే యాసరా యడుగువాని సంగతి వేఱు. మూసిన తలుపుకంటె, నూటికి ఇన్ని వంతులని బాహాటముగా నిర్ణయించిన మొగ్గు మేలని మాకు తోచుచున్నది. దాని ఖర్చును లెక్కలో చూపవచ్చును గదా. సంఘసభలో ఇట్టి తీర్మానము వచ్చినపుడు, ఎంత మొగ్గు, ఎన్నేండ్లు అని సభ్యులు ముందుగా అడుగవలెను. కడచిన టెండరులకు ఎన్ని కవరులు వచ్చెనో, అంచనాకంటె ఎంత హెచ్చునకు పనులిచ్చిరో, 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఆ శాఖవారికి అర్జీ పెట్టి తెలిసికొనవచ్చును.