కక్కు పోతే కొడవలి పోయినట్టే
వరికి పళ్లది, చెరకుకు నున్నది. సాన పట్టే తీరు దేనిది దానికే

కె.కోటపాడు: వరి చేలు పండుబారాయంటే ఇంటింటా చూరులోంచి కొడవళ్లు దిగుతాయి. ఏడాదిపాటు చూరులో దోపి ఉంచిన కొడవలికి తుప్పు పట్టి ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి నున్నటి కత్తిని పట్టినట్టే సాన పట్టించే వారు చాలామంది ఉన్నారు. తుప్పు పోతుంది, అంచు మెరుస్తుంది. తీరా చేలో దిగాక దుబ్బు తెగదు, కొడవలి జారుతుంది. మెరుపు కోసం పళ్లు అరగదీయడమే ఇందుకు కారణం.

2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన ఈ మండలంలో వరి, చెరకు రెండూ ఉన్నాయి. అందుకే రెండు రకాల అంచులూ ఇక్కడి రైతు ఇంట ఉంటాయి. వరి కోతకు పళ్లున్న కొడవలి. దీనినే కక్కు కొడవలి అంటారు. చెరకు నరకడానికి, కొబ్బరి బొండాలు కొట్టడానికి, కంప నరకడానికి నున్నటి అంచు కత్తి. ఏది దేనికన్నది తెలిసినా, ఎందుకన్నది తెలిస్తేనే వాటిని కాపాడుకోగలం.

లాగితే పళ్లు, కొడితే నునుపు

వరి దుబ్బును ఎడమ చేత పట్టి, కుడి చేత కొడవలిని మన వైపు లాగుతాం. ఇది లాగి కోసే పని. ఎండిన వరి కాడ పైన నున్నగా, లోపల డొల్లగా ఉంటుంది. నున్నటి అంచు దానిమీద జారుతుంది. పళ్లయితే కాడను కరిచి పట్టుకుంటాయి. బలమంతా పంటి మొన మీదే పడుతుంది కనుక తక్కువ శ్రమతో తెగుతుంది. కుదుపు తగ్గడంతో పండిన గింజ చేలో రాలడమూ తగ్గుతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. వరి గడ్డిలో సిలికా అనే ఇసుక జాతి పదార్థం ఎక్కువ. అది ఆకురాయిలా అంచును అరగదీస్తుంది. నున్నటి కొడవలితో వరి కోస్తే పూట తిరక్కుండానే పదును పోవడానికి కారణం ఇదే. పళ్ల కొడవలిలో మొనలు అరిగినా, పళ్ల మధ్య గాడుల్లోని అంచు చాలాకాలం నిలుస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇనుము రాకముందే ఈజిప్టు రైతులు చెకుముకి రాతి పలుకులను వంకర కర్రకు వరుసగా పొదిగి పంట కోశారు. ఇప్పటి వరికోత యంత్రం ముందు భాగంలో కదిలే బ్లేళ్లకు కూడా ఇలాంటి పళ్లే ఉంటాయి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన ‘నవీన్’ కొడవలి కూడా పళ్లదే.

చెరకు సంగతి వేరు. అక్కడ లాగడం లేదు, కొట్టడమే. బరువైన నున్నటి కత్తి ఒక్క దెబ్బకు గడను తెంపాలి. పళ్ల అంచుతో కొడితే పళ్లు విరుగుతాయి, గడ చీలుతుంది. గడలో అడుగు భాగంలోనే తీపి ఎక్కువ. కత్తి మొద్దుబారితే కోత నేలకు ఆనదు. జానెడు మోడు మిగిలినా బెల్లానికి అందవలసింది చేలోనే ఉండిపోతుంది. పైగా మోడు నలిగి చీలితే కార్శి తోటకు వచ్చే పిలకలు దెబ్బతింటాయి. కత్తి పదును మీద ఈ ఏటి దిగుబడే కాదు, వచ్చే ఏటి తోట కూడా ఆధారపడి ఉంది.

నున్న కత్తికి సాన

నున్నటి కత్తిని ఎవరికి వారే ఇంట్లో పదును పెట్టుకోవచ్చు. కత్తిని రాయి మీద ఎంత వాలుగా పట్టాలన్నదే ముఖ్యం. దీనికి తేలిక లెక్క ఒకటి ఉంది. కత్తి వెడల్పులో మూడో వంతు ఎత్తుకు దాని వీపును లేపితే సుమారు 20 డిగ్రీల వాలు వస్తుంది. కూరల కత్తికి ఇది చాలు. సగం ఎత్తుకు లేపితే 30 డిగ్రీలు. చెరకు కత్తికి, కంప నరికే కత్తికి ఇదే మేలు. మరీ పల్చగా తీస్తే మొదటి దెబ్బకే అంచు మడత పడుతుంది.

రాయిని నీటితో తడిపి, వాలు మారకుండా ఒక వైపు రుద్దాలి. రెండో వైపు అంచుకు సన్నటి గరుకు తగిలిందంటే ఆ పక్క అయినట్టే. అప్పుడు తిప్పి రెండో పక్క పట్టాలి. చివర మెల్లగా అటూ ఇటూ నాలుగుసార్లు రాసి ఆ గరుకు పోగొట్టాలి. గరుకు చూసేటప్పుడు వేలిని అంచు పొడవునా నడపకూడదు, అడ్డంగానే తాకించాలి. కత్తిపీటకైతే పీటను కాలితో తొక్కిపట్టి, చిన్న రాయిని మొదలు నుంచి కొన దాకా నడపాలి.

కరెంటు సాన చక్రం మీద పట్టించేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచమని అడగాలి. అంచు నీలి రంగుకు తిరిగిందంటే ఉక్కు సుమారు 300 డిగ్రీల వేడికి చేరి మెత్తబడిందన్నమాట. ఆ మేరకు అరగదీస్తే తప్ప పదును నిలవదు.

కక్కు కొడవలికి సాన

కక్కు కొడవలిని తిప్పి చూస్తే గాడులు ఒక వైపే కనిపిస్తాయి. రెండో వైపు నున్నగా ఉంటుంది. రాయి ఆనించవలసింది ఈ నున్నటి వైపే. దానికి ముందున్న వాలు ప్రకారం తేలిగ్గా అయిదారుసార్లు రుద్దితే అంచు పల్చబడి, వెనక ఉన్న గాడుల వల్ల పళ్లు తిరిగి మొన తేలుతాయి. గాడులున్న వైపు రాయి పెట్టకూడదు. ఆ వైపు తుప్పును కొబ్బరి పీచుతో, కాస్త కిరసనాయిలుతో వదిలించుకుంటే సరిపోతుంది.

గాడులే అరిగిపోతే ఇంట్లో చేసేది లేదు. కక్కు కొట్టించవలసిందే. కమ్మరి ముందు అంచును ఎర్రగా కాల్చి బూడిదలో నిదానంగా చల్లారనిస్తాడు. మెత్తబడిన అంచు మీద ఉలితో ఒక్కొక్క గాడి కొడతాడు. మళ్లీ కాల్చి నీటిలో ముంచితే అంచు గట్టిపడుతుంది. అంతటితో ఆపితే పళ్లు గాజులా పుటుక్కుమంటాయి. అందుకే కాస్త వేడి చూపించి, గడ్డి రంగు రాగానే చల్లారుస్తాడు. ఈ రంగును కనిపెట్టడంలోనే అతని పనితనమంతా ఉంది.

సంతలో కొనేటప్పుడు

పళ్ల మొనలు పిడి వైపు వాలి ఉండాలి, అప్పుడే లాగినప్పుడు కోస్తుంది. పళ్లన్నీ ఒకే లోతున ఉండాలి. అంచు మీద చిన్న ఆకురాయిని ఒకసారి గీసి చూడాలి. ఆకురాయి జారితే అంచు గట్టిది. తేలిగ్గా కొరికితే మెత్తటి ఇనుము, రెండు రోజులు కూడా నిలవదు. లారీ కమాను పట్టీతో చేసినదైతే పదును బాగా పడుతుంది. పిడి అరచేతికి నిండుగా, చెమటకు జారకుండా ఉండాలి.

ఇది డబ్బుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. కోతల్లో ఎక్కువగా వంగేది ఆడకూలీలే. తెగని కొడవలిని బలం పెట్టి లాగినప్పుడు అది జారి, దుబ్బు పట్టిన ఎడమ చేతి వేళ్లకు తగులుతుంది. చిటికెన వేలికి, చూపుడు వేలికి గుడ్డ చుట్టుకోవడం మంచిది. తెగితే పసుపు అద్ది ఊరుకోక, సబ్బు నీళ్లతో కడిగి ఆరోగ్య కేంద్రంలో ధనుర్వాతం సూది వేయించుకోవాలి. ఒక్క తెగుడుతో కోతల కాలమంతా కూలి పోయే ఇళ్లున్నాయి.

యంత్రాలు వచ్చాక కొడవలితో పనేముందని అనుకోవచ్చు. గాలివానకు పడిపోయిన చేలోనూ, నీరు నిలిచిన మడిలోనూ, దారి లేని కొండవార చెక్కల్లోనూ ఇప్పటికీ కొడవలే గతి. పశువులకు నిడుపు గడ్డి కావాలన్నా చేతి కోతే కావాలి.

వెనక కమ్మరికి కల్లంలోనే ధాన్యం మేరగా కొలిచేవారు. ఏడాది పొడవునా పనిముట్లు చూసే పూచీ అతనిది. మేర పోయింది, కొలుములూ తగ్గాయి. సంతలో చవక కొడవలి కొని, అరిగాక పారేయడం అలవాటైంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం కూడా ఉంది. పనిముట్లకు రూ.15,000 సాయం, రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇందులో ఉన్నాయి. అర్హులైన వారు దరఖాస్తు చేసుకోవాలి.

రైతులూ తమ వంతు చేయవచ్చు. కోతలకు పది రోజుల ముందే కొడవళ్లు దింపి, నున్నటి వైపు తామే సాన పట్టుకుని, గాడి అరిగిన వాటిని ఊరి కొలిమికి చేర్చాలి. కోతల నాడు ఉదయం అందరూ ఒక్కసారి వెళ్తే కమ్మరి మాత్రం ఎన్నింటికని కక్కు కొట్టగలడు?