మీ మోకాళ్ళ మాత్ర మీ కుక్కకు వెయ్యకండి

నిజాంపేటలో ఉంటున్న ఒక పెద్దావిడ మోకాళ్ళ నొప్పులకు నా దగ్గర మందు వాడుతున్నారు. పది రోజులకని రాసిచ్చిన మాత్రలు ఆరు రోజులకే అయిపోయాయని మళ్ళీ వచ్చారు. "చెప్పినదానికన్నా ఎక్కువ వేసుకుంటున్నారా అమ్మా?" అని కాస్త గట్టిగానే అడిగాను.

"నేను కాదండీ డాక్టరుగారూ, మా కుక్కకి పూటకి సగం వేస్తున్నాను. మెట్లు దిగలేక అల్లాడిపోతోంది. నా నొప్పీ దాని నొప్పీ ఒకటే కదా అని..." అన్నారావిడ.

అది పదేళ్ళ లాబ్రడార్. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే రోజుల్లో కొడుకు ముచ్చటపడి తెచ్చుకున్నాడు. తర్వాత కొడుకు అమెరికా వెళ్ళాడు, కుక్క తల్లిదండ్రుల దగ్గర మిగిలింది. అది ఏమైనా తింటోందా, విరేచనం ఎలా ఉందని అడిగాను. రెండు రోజులుగా తిండి ముట్టడం లేదట, విరేచనం తారులా నల్లగా ఉందట. అంటే కడుపులో పుండుపడి రక్తం పోతోందన్నమాట. నేను మనుషుల డాక్టర్ని. ఆ పూటే పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళమని పంపించాను. అదృష్టం బాగుండి కుక్క బతికింది.

ఆ డైక్లోఫెనాక్ మాత్ర రాసింది నేనే. ఇంట్లో కుక్క ఉందా అని అడగాలని అంతవరకు నాకు తోచలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మనకు పనిచేసే మాత్ర కుక్కకెందుకు విషమవుతుంది? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి నొప్పి పుట్టించే పదార్థాలతోపాటు కడుపు లోపలి పొరను కాపాడేవాటినీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవాటినీ తగ్గించేస్తాయి. ఈ బాధ మనకూ ఉన్నదే. కాని కుక్క ఒంట్లో ఈ మందులు మనలో మాదిరిగా విరిగిపోవు, కనుక మనం తట్టుకోగల మోతాదుకే దాని కడుపూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వెయ్యకూడదు. ఇక పిల్లులకైతే ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి.

రాబందుల సంగతి మీలో కొందరు చదివే ఉంటారు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని అవి మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందును నిషేధించారు. ఒక ప్రాణికి మందైనది ఇంకొకదానికి మందు కానక్కరలేదు.

నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది?

కీళ్ళ అరుగుదల ఉన్న కుక్క మూలగదు, అరవదు. దీర్ఘకాలపు నొప్పిని లోలోపలే భరిస్తుంది. పడుకుని లేచేటప్పుడు రెండు మూడు ప్రయత్నాలు చేస్తుంది. సోఫా ఎక్కడం మానేస్తుంది. పరుగెత్తేటప్పుడు వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది. ఒకే కీలును పదే పదే నాకుతుంది. తొడ కండ సన్నబడుతుంది. ఎన్నడూ లేనిది పిల్లలు నడుము మీద చెయ్యి వేస్తే గుర్రుమంటుంది. "ముసలిదైపోయింది లెండి" అని మనం సరిపెట్టుకునేవాటిలో చాలాభాగం నొప్పే.

అయితే కుంటే ప్రతి కుక్కదీ అరుగుదల కాదు. మన ఊళ్ళలో పిడుదులవల్ల (గోమార్లని కూడా అంటారు) వచ్చే జ్వరంలోనూ కీళ్ళు వాస్తాయి. మోకాలి లోపలి పట్టీ తెగవచ్చు, ఎముకలో కాన్సర్ కావచ్చు. అందుకని ముందు పరీక్ష, ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించాలి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నాయి. కుంటే కుక్కను అంతదూరం తీసుకుపోవడం కష్టమే, కాని ఆ ఒక్కసారి తప్పదు.

ఆపరేషన్ తప్పనిసరి అయిన కేసులు లేకపోలేదు. పదేళ్ళు దాటిన కుక్కకు, మత్తు తట్టుకోలేని కుక్కకు, అంత ఖర్చు పెట్టుకోలేని ఇంటికి వేరే దారి కూడా ఉంది. అందులో మొదటిది మందు కాదు, బరువు.

అమెరికాలో 48 లాబ్రడార్లను పుట్టిన కొత్తలోనే జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవాటికి కీళ్ళ జబ్బు ఆలస్యంగా, తక్కువగా వచ్చింది. పైగా అవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. ఇప్పటికే లావెక్కిన కుక్కకు కూడా ఒంటి బరువులో ఆరు శాతం తగ్గేసరికే కుంటడం తగ్గుతుందని మరో పరిశీలనలో తేలింది. నలభై కిలోల కుక్కకు అది రెండున్నర కిలోలు!

పక్కటెముకల మీద చెయ్యి వేస్తే అవి తేలిగ్గా తగలాలి. తగలకపోతే లావున్నట్టే. పెద్దావిడను తిండి సంగతి అడిగితే రెండు పూటలా పెరుగన్నం, సాయంత్రం టీతో బిస్కెట్లు అన్నారు. విచారిస్తే ఆయన చాటుగా పెట్టే నెయ్యి చపాతీ, కింద వాచ్‌మన్ పెట్టే రొట్టె ముక్క కూడా బయటపడ్డాయి. అన్నీ లెక్కే. తిండి కొలిచి పెట్టండి. బిస్కెట్‌కు బదులు కీరా ముక్క, కారెట్ ముక్క ఇవ్వండి, అదీ సంతోషంగానే తింటుంది.

తర్వాత మీ ఇంటి నేల చూడండి. కొత్త ఫ్లాట్లలో అద్దంలా మెరిసే టైల్స్ మనకు గొప్ప, అరిగిన కీళ్ళ కుక్కకు నరకం. కాలు జారిన ప్రతిసారీ కీలు మెలిపడుతుంది. అది తిరిగే దారిలో పాత జంపఖానాలో, కింద రబ్బరున్న పట్టాలో పరచండి. గోళ్ళు కత్తిరించండి. మెట్లు దిగేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకుని బరువు మీరు మొయ్యండి. ఆదివారం గంటసేపు నడిపించి తక్కిన రోజులు కట్టేయడం మంచిది కాదు. రోజూ మూడుసార్లు పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించండి. బొత్తిగా కదలకపోతే కండ పోతుంది, కండ పోతే కీలుకు ఆసరా పోతుంది. చలికాలం పొద్దున గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది.

ఇక మందులు. కుక్కలకు తగిన నొప్పి మందులు వేరే ఉన్నాయి. మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్, ఫైరోకాక్సిబ్ అటువంటివి. పశువైద్యుడు కుక్కను తూచి, మూత్రపిండాలు, కాలేయం పరీక్షించి మోతాదు నిర్ణయిస్తాడు. వీటితోపాటు స్టెరాయిడ్‌గాని, ఆస్పిరిన్‌గాని కలపకూడదు. వాంతులు, నల్లటి విరేచనం, తిండి మానెయ్యడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే తీసుకువెళ్ళాలి. నొప్పి మరీ తీవ్రమైతే గాబాపెంటిన్ వంటివి జోడిస్తారు. అదీ మీ ఇంట్లోని సీసాలోంచి పొయ్యకండి. మనుషుల సిరప్పుల్లో తీపికోసం కలిపే జైలిటాల్ కుక్కకు ప్రాణాంతకం. చేపనూనె కొంత మేలు చేస్తుంది. గ్లూకోసమైన్‌మీద నాకంత నమ్మకం లేదు, దానికి సాక్ష్యం బలహీనం.

ఇవన్నీ చేసినా నొప్పి తగ్గని కుక్కలుంటాయి. అది సుఖపడుతోందా, మనకోసం ఈడుస్తోందా అన్నది తేల్చుకోవడానికి పశువైద్యుడు ఆ పెద్దావిడకొక ఉపాయం చెప్పాడు. కుక్క తనంతట లేచి, తిని, తోక ఊపిన రోజు క్యాలెండరులో నీలం గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు పెట్టాలి. ఎర్రవి నీలంవాటిని మించి ఉండిపోతే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి.

మొదటి నెల ఎర్ర గుర్తులు పద్దెనిమిదట. పోయిన వారం ఆవిడ తన మోకాళ్ళకోసం వచ్చినప్పుడు సంచీలోంచి క్యాలెండరు కాగితం తీసి చూపించారు. ఆరు ఉన్నాయి. కుక్క నాలుగు కిలోలు తగ్గింది. వచ్చే నెల దానికి మళ్ళీ రక్తపరీక్ష ఉంది.