కంపెనీ ఉత్తరం కాలవ దాటడం లేదు

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఒకరు కొత్త కారు కొంటారు. నాలుగైదేళ్లు తిప్పి అమ్మేస్తారు. అది బ్రోకరు చేతిమీదుగా రాజమండ్రి వస్తుంది. అక్కడినుంచి రావులపాలెం, ఆపైన ఏ కొత్తపేట పక్క ఊరికో, ఏ లంకగ్రామానికో చేరుతుంది. చేతులు మారిన ప్రతిసారీ డబ్బు మారుతుంది, తాళాలు మారతాయి. ఆర్.సి.లో పేరు మాత్రం చాలాసార్లు మారదు. సంతకాలు పెట్టిన 29, 30 నంబరు ఫారాలు డాష్‌బోర్డు అరలో నలుగుతూ ఉంటాయి.

ఇందులో కొంప మునిగేది ఏముంది, బండి తిరుగుతోంది గదా అనుకునేవారే ఎక్కువ. మునిగేది ఉంది. ఆ మోడలు తయారీలోనే లోపం ఉన్నట్టు కంపెనీకి తర్వాత తెలిసిందనుకోండి. బండి తీసుకురండి, ఉచితంగా బాగుచేసి ఇస్తామని కబురు పెడుతుంది. దీన్నే రీకాల్ అంటున్నారు. ఆ కబురు ఎవరికి వెళుతుంది? కంపెనీ పుస్తకాల్లో ఉన్న మొదటి ఆసామికి. ఆయన కారు అమ్మి ఎన్నేళ్లయిందో! ఉత్తరమైతే చిత్తుకాగితాల్లోకి పోతుంది, ఫోనుకొచ్చిన సందేశమైతే తుడిచేస్తాడు. లోపం మాత్రం మన కాలవగట్టు మీద పిల్లాపాపలను ఎక్కించుకుని తిరుగుతూ ఉంటుంది.

కాలవగట్టు రోడ్డు సంగతి డెల్టావారికి చెప్పనక్కర్లేదు. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేను. ఎదురుగా కొబ్బరికాయల లారీయో, గడ్డి ట్రాక్టరో వస్తే చక్రం గట్టు అంచుకు దిగాల్సిందే. మెట్ట ప్రాంతంలో బండి అదుపు తప్పితే పొదల్లోకి పోతుంది. ఇక్కడ నీళ్లలోకి పోతుంది. నడుస్తున్న కారు ఇంజను ఉన్నట్టుండి ఆగిపోతే చాలామంది కంగారుపడేది కూడా ఇందుకే. ఇంజను ఆగగానే పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకుకు బలమిచ్చే సాయం కూడా మామూలు కార్లలో ఇంజను నుంచే వస్తుంది. ఆగిన తర్వాత ఒకటి రెండు తొక్కులకు సరిపడా బలమే మిగులుతుంది. ఆపైన పెడలు రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పోయిందని డ్రైవరు కాలు తీసేస్తాడు. నిజానికి బ్రేకు పోలేదు. ఒంటి బలమంతా వేసి తొక్కితే పట్టుకుంటుంది. పదేపదే వదిలి తొక్కకుండా, ఒక్కసారి నొక్కి పట్టాలి. డ్రైవింగు నేర్పేవారు ఈ ముక్క చెప్పరెందుకో.

వెనక్కు పిలిచిన బండ్లు

ఇవేమీ ఊహించి చెబుతున్నవి కావు. 2020 జూలైలో మారుతి సుజుకి కంపెనీ 1,34,885 కార్లను వెనక్కు పిలిచింది. అందులో 56,663 వ్యాగన్ ఆర్‌లు, 78,222 బాలెనోలు. ఇంజనుకు పెట్రోలు అందించే పంపులో లోపం ఉండవచ్చని కంపెనీయే ప్రకటించింది. పెట్రోలు అందకపోతే ఇంజను ఆగిపోతుంది. వ్యాగన్ ఆర్‌లలో 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 దాకా, బాలెనోలలో 2019 జనవరి 8 నుంచి నవంబరు 4 దాకా తయారైనవి ఈ లెక్కలోకి వచ్చాయి. ఆ ఏడే నవంబరులో 40,453 ఈకో వ్యాన్ల హెడ్‌లైటు మీద ఉండాల్సిన ప్రమాణం గుర్తు లేదేమోనని పరీక్షకు పిలిచారు. ఈకో అంటే మన ఊళ్లలో పెళ్లికీ చావుకీ ఆస్పత్రికీ అదే బండి.

2021 సెప్టెంబరు నాటి రీకాల్ మన ప్రాంతానికి మరీ దగ్గరది. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజ్జా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 రకాల పెట్రోలు కార్లు 1,81,754 ఈ లెక్కలో ఉన్నాయి. 2018 మే 4 నుంచి 2020 అక్టోబరు 27 మధ్య తయారైనవి. లోపం మోటార్ జనరేటరు అనే భాగంలో. కొత్త భాగం వేసేదాకా నీళ్లు నిలిచిన చోట బండి నడపవద్దని, విద్యుత్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టవద్దని కంపెనీ యజమానులను కోరింది. భాగాలు మార్చడం మొదలుపెట్టింది నవంబరు మొదటివారంలో. అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలు కాచుకోవాలన్నమాట! ఆ రెండు నెలల్లో కోనసీమలో నీళ్లు నిలవని వీధి వెతకాలి. పైగా కారును కాలవ రేవుకు తోలి బకెట్లతో కడగడం మనకు అలవాటు. ఆ జాగ్రత్త కబురు మొదటి ఆసామి ఫోనులో ఆగిపోతే, ఇక్కడ బకెట్టు పట్టుకున్నవాడికి ఏం తెలుస్తుంది?

యూరియా బస్తా, ఎయిర్‌బ్యాగు

అన్నింటికంటే పెద్ద కథ జపాన్‌కు చెందిన టకాటా కంపెనీది. ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగు రెప్పపాటులో ఉబ్బడానికి లోపల చిన్న లోహపు డబ్బాలో మందు ఉంటుంది. ఆ మందు మండి గాలిసంచి నిండుతుంది. టకాటా ఇందుకు అమ్మోనియం నైట్రేటు వాడింది. ఇది ఎరువుగా కూడా వాడే పదార్థం. మూతి తెరిచిన యూరియా బస్తా వానాకాలంలో ఎలా గడ్డకడుతుందో రైతుకు తెలుసు. ఈ మందు గుణమూ అలాంటిదే. ఏళ్లతరబడి వేడి, తేమ తగిలేకొద్దీ దాని స్వభావం మారిపోతుంది. అప్పుడు ఉండాల్సినదానికంటే జోరుగా మండి డబ్బానే పగలగొడుతుంది. ప్రాణం కాపాడాల్సిన సంచిలోంచి లోహపు ముక్కలు మొహానికీ మెడకూ వచ్చి తగులుతాయి. అమెరికాలో దీనివల్ల చనిపోయినవారు ఇరవైమందికి పైనే. మలేషియాలోనూ చావులున్నాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల డబ్బాలు మార్చాల్సి వచ్చింది. 2017 జూన్‌లో టకాటా దివాలా తీసింది.

అమెరికాలో ఫ్లోరిడా వంటి ఉక్కపోత ప్రాంతాల బండ్లకు ముందు మార్చమన్నారు. ఉక్కపోత అంటే మనకు వేరే చెప్పాలా? అంతర్వేది నుంచి యానాం దాకా సముద్రపు గాలి, పైన ఎండ, కింద కాలవ తేమ. మన దేశంలో హోండా కంపెనీ టకాటా భాగాలున్న కార్లను పలు విడతలుగా పిలిచింది. 2018 జనవరిలో పిలిచినవి 22,834. అవి 2013లో తయారైన అకార్డ్, సిటీ, జాజ్ కార్లు. ఆ వయసు సిటీ కార్లు ఇప్పుడు ఎక్కడుంటాయి? మూడో చేతిలో, నాలుగో చేతిలో. పాతకారు కొనేటప్పుడు టైర్లు తన్ని చూస్తాం, బానెట్టు ఎత్తి పొగ చూస్తాం, ఏసీ వేసి చూస్తాం. ఎయిర్‌బ్యాగు డబ్బా మార్చారా అని అడిగేవారు ఎంతమంది?

తెలుసుకునే దారి కష్టమేమీ కాదు. ఆర్.సి.లో ఛాసిస్ నంబరు ఉంటుంది. ఈనాటి కార్లకు అది అక్షరాలు, అంకెలు కలిపి 17. పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో ఆ నంబరు కొడితే బండి రీకాల్‌లో ఉందో లేదో చూపిస్తుంది. ఊళ్లో చదువుకున్న కుర్రాడికి రెండు నిమిషాల పని. లేదంటే కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేసి నంబరు చదివితే చెబుతారు. రీకాల్‌లో ఉంటే ఆ భాగం మార్చడానికి డబ్బు అడగకూడదు. మీరు ఎన్నో ఆసామి అన్నది దీనికి అడ్డు కాదు.

షెడ్డులోనే ఆగే ఫిర్యాదు

పైనుంచి కబురు రాకపోవడం ఒక ఎత్తు. కిందినుంచి ఫిర్యాదు పోకపోవడం ఇంకో ఎత్తు. బండి మాటిమాటికి ఆగిపోతే మనవాళ్లు తిన్నగా ఊరి షెడ్డుకు తీసుకెళతారు. మన మేస్త్రీలు సమర్థులు, అందులో సందేహం లేదు. ఫలానా మోడలుకు ఫలానా జబ్బు ఉందని షోరూముకంటే ముందే పసిగడతారు. కానీ ఆ జ్ఞానం షెడ్డు గడప దాటదు. బండి బాగవుతుంది, కాగితం పుట్టదు. వారంటీ ఉండగా బయట విప్పించారన్న వంక కంపెనీకి దొరుకుతుంది.

2019లో మోటారు వాహనాల చట్టానికి 110-ఎ అనే కొత్త సెక్షను చేర్చారు. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వెనక్కు పిలవడమనేది కంపెనీల ఇష్టం. ఇప్పుడు ఒక రకం బండిలో ప్రమాదకరమైన లోపం ఉందని నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేస్తే, విచారించి వెనక్కు పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. ఏడేళ్లలోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. మాట వినని కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే కీలకమంతా ఆ సంఖ్యలో ఉంది. కంపెనీ తనంతట తాను పిలవనప్పుడు, ఎక్కడికక్కడ గొణుక్కునే వెయ్యిమంది కన్నా రాసిచ్చిన వందమందే చట్టం కళ్లకు కనపడతారు.

అందుకని బండిలో లోపం కనిపిస్తే మొదటిసారే కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లి జాబ్ కార్డులో రాయించాలి. 'జనరల్ చెకప్' అని వాళ్లు రాస్తే ఒప్పుకోకూడదు. నడుస్తుండగా ఇంజను ఆగింది, ఫలానా తేదీన, ఫలానా చోట అని మన మాటల్లోనే రాయించి నకలు తీసుకోవాలి. ఒకే జబ్బుకు మూడు జాబ్ కార్డులుంటే అవి మూడు సాక్ష్యాలు.

కాకినాడ, రాజమండ్రి, ఏలూరు

అప్పటికీ పని కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. మన ప్రాంతానికి కాకినాడ, రాజమండ్రి, ఏలూరు కేంద్రాలు. 50 లక్షల రూపాయల లోపు చెల్లించి కొన్నవాటి మీద ఫిర్యాదు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు. జాతీయ వినియోగదారుల సహాయ ఫోను నంబరు 1915. సొంత బతుకుతెరువు కోసం తానే నడుపుకునే ఆటో, టాక్సీవాలాలకు కూడా తలుపు తెరిచే ఉంది. బండి వ్యాపారానిది కాబట్టి కుదరదని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచేయాలి.

చిక్కు ఎక్కడంటే, తయారీ లోపమని తేల్చడానికి సాధారణంగా నిపుణుడి నివేదిక కావాలి. పరీక్షకు పంపమని కమిషన్‌ను అడిగే హక్కు చట్టం ఇచ్చింది. అడగకుండా ఊరుకుని ఓడిపోయేవారున్నారు. 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయంలో కొంత ఊరట. 2015లో హ్యుందాయ్ క్రెటా కొన్న ఒక యజమాని 2017లో ప్రమాదానికి గురయ్యాడు. ముందువైపు గట్టిగా దెబ్బతిన్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. దెబ్బ తెరుచుకునేంత బలమైనది కాదని కంపెనీ వాదన. ఢీకొన్న వేగం ఎంత, బలం ఎంత అని లెక్కగట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదని కోర్టు తేల్చింది. పరిహారంతోపాటు కారు మార్చి ఇవ్వాలన్న కింది కమిషన్ ఉత్తర్వును ఖాయపరిచింది.

ఒక మాట నిష్ఠూరంగా చెప్పక తప్పదు. ప్రతి జబ్బూ కంపెనీ తప్పు కాదు. 2022 జూలై వరద వంటిది వచ్చినప్పుడు నీట మునిగిన బండికి, నీరు తీసిందో లేదో చూడకుండా తాళం తిప్పితే ఇంజనులోకి నీరు పీల్చి రాడ్లు వంగిపోతాయి. ఇది వారంటీలోకి రాదు. ఇంజను రక్షణ అని విడిగా కట్టకపోతే మామూలు ఇన్సూరెన్సులోకీ రాదు. మునిగిన బండిని స్టార్టు చేయకుండా తాడు కట్టి లాక్కెళ్లడమే మేలు. కోతల తర్వాత ఎలుకలు వైర్లు కొరకడం, అనుమతి లేని గ్యాసు కిట్టు వేయించడం వంటివి కూడా మన ఖాతాలోవే.

బ్యాటరీ స్కూటర్ల సంగతి వేరు. 2022 ఏప్రిల్ 23న పక్కనే విజయవాడలో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. అంతకు మూడునాలుగు రోజుల ముందు నిజామాబాదులో ఒక వృద్ధుడు ఇలాగే చనిపోయాడు. ఆ నెలలోనే ఒకినావా 3,215, ఓలా 1,441 స్కూటర్లను పరీక్షకు పిలిచాయి. బ్యాటరీల భద్రతా నిబంధనలను ఆ ఏడు డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు విడతలుగా కఠినం చేశారు. అంతకుముందు కొన్న పాత స్కూటరు ఇంట్లో ఉంటే బ్యాటరీని పడకగదిలో, అందరూ నిద్రపోతుండగా చార్జింగు పెట్టకండి.

ఇక డాష్‌బోర్డు అరలోని ఆ ఫారాల సంగతి. బండి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని చట్టం. పేరు మార్చుకునేటప్పుడు సొంత ఫోను నంబరే ఇవ్వాలి, బ్రోకరుది కాదు. అదే రోజు కంపెనీ సర్వీసు సెంటరుకు కూడా ఫోను చేసి ఛాసిస్ నంబరు చెప్పి, ఈ బండి ఇప్పుడు నా దగ్గరుంది, నా ఊరు ఇది, నా నంబరు ఇది అని రాయించుకోమనండి. ఈసారి కబురు వస్తే మీ ఇంటికే వస్తుంది.