కిరణ తుపాకి దెబ్బకు ఎన్ని పాయింట్లు?

పిల్లలూ! మీలో చాలామంది నోటుపుస్తకం చివరి పేజీల్లో అంతరిక్ష యుద్ధం ఆట గీసుకుని పాచికలతో ఆడుతుంటారు. కంప్యూటరు మీద అలాంటి ఆటలు తయారుచేసే వాళ్లూ ఉన్నారు. పిస్తోలు దెబ్బకు 5 పాయింట్లు, కిరణ తుపాకికి 50 అని ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. ఆ అంకెలకు భౌతికశాస్త్రం ఆధారం ఉండాలంటే ఏం చేయాలి?

మొదట శక్తిని లెక్కకడదాం. గతిశక్తి సూత్రం మీకు తెలిసిందే. 8 గ్రాముల పిస్తోలు గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 490 జౌళ్లు. ఒక కిలో టి.ఎన్.టి. పేలితే సుమారు 42 లక్షల జౌళ్లు. 1945లో హిరోషిమా మీద పడిన బాంబు దాదాపు 15 వేల టన్నుల టి.ఎన్.టి.కి సమానం. అంటే 63 పక్కన పన్నెండు సున్నాలు! ఈ జౌళ్లనే పాయింట్లుగా రాసుకుంటే ఆట ఒక్క దెబ్బతో ముగిసిపోతుంది.

పైగా, శక్తి ఎక్కువైనంత మాత్రాన నష్టం ఎక్కువ కాదు. మా గోదావరిఖని బొగ్గునే తీసుకోండి. కిలో బొగ్గు పూర్తిగా మండితే, కిలో టి.ఎన్.టి. కంటే మూడు నాలుగు రెట్లు శక్తి వస్తుంది. అయినా అది కుంపట్లో నిదానంగా మండి అన్నం ఉడికిస్తుంది. బొగ్గు మండాలంటే గాలి అందాలి. టి.ఎన్.టి. గాలి కోసం ఆగదు. దానిలో పేలుడు తరంగం సెకనుకు సుమారు 6900 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. అందుకే రాయి పగులుతుంది.

మా ప్రాంతంలో ఈ లెక్క ఆట కోసం కాదు, ఇళ్ల కోసం. ఓపెన్‌కాస్ట్ గనిలో రంధ్రాలు వేసి, పేలుడు మందు నింపి, సైరన్ మోగించి పేలుస్తారు. చుట్టుపక్కల నేల అదురుతుంది. దూరాన ఉన్న గోడ పగులుతుందా లేదా అన్నది నేల ఎంత వేగంతో ఊగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు ఇళ్ల దగ్గర ఆ వేగం ఎంత దాటకూడదో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో హద్దులు పెట్టింది. నేల సెకనుకు 8 సార్ల కంటే తక్కువగా ఊగితే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 సార్లయితే 10, అంతకు మించితే 15. నెమ్మది ఊపుకే హద్దు ఎందుకు తక్కువ? ఇళ్లు సహజంగా ఊగే లయ కూడా దాదాపు అంతే. ఉయ్యాలను దాని లయకు తగ్గట్టు తోస్తే ఏమవుతుందో మీకు తెలుసు!

అందుకే రంధ్రాలన్నీ ఒక్కసారే పేల్చరు. కొన్ని మిల్లీసెకన్ల తేడాతో విడతలుగా పేలుస్తారు. మొత్తం మందు అంతే, అదురు తగ్గుతుంది. ఒక విడతలో పేలే మందు నాలుగు రెట్లయితే అదే అదురు రెట్టింపు దూరం వరకు వెళుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే వర్గమూలం. గాలిలో అయితే ఘనమూలం. ఎనిమిది రెట్ల మందుకు రెట్టింపు దూరం. ఈ నియమాన్ని 1915లో హాప్కిన్సన్, 1926లో క్రాంజ్ చెప్పారు. పేలుడు అన్ని వైపులకూ గోళంలా వ్యాపిస్తుంది, గోళం ఘనపరిమాణం వ్యాసార్థం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కదా.

కాబట్టి ఆటలో జౌళ్లకు ఘనమూలం తీయండి. పిస్తోలుకు 8, కిలో టి.ఎన్.టి.కి 161, హిరోషిమా బాంబుకు సుమారు 40 వేలు. సంవర్గమానం తీస్తే వరుసగా 2.7, 6.6, 13.8 వస్తాయి. ఆడడానికి సులువే, కానీ బాంబు పిస్తోలుకు అయిదు రెట్లేనంటే నాకు మింగుడుపడదు. అయితే గుండు పేలదు, చిన్న చోట గుచ్చుకుంటుంది. కవచాన్ని చీల్చడానికి దానికి వేరే అంకె పెట్టుకోవాలి.

ఇక కిరణ తుపాకి. 10 లక్షల వాట్ల కిరణం ఒక సెకను తగిలితే 10 లక్షల జౌళ్లు, అంటే 100 పాయింట్లు. అదే శక్తి పది నిమిషాల పాటు కొద్దికొద్దిగా తగిలితే? వేడి ఓడ గోడంతా పాకి చల్లారిపోవచ్చు. అందుకని మీ పట్టికలో కిరణం పక్కన సమయానికి ఒక గడి గీయండి. తెలివైన కెప్టెన్ దెబ్బ తగలగానే ఓడను గిరగిరా తిప్పడం మొదలుపెడతాడు.